అంబులెన్స్ డ్రైవర్ల దారిలో నాన్నతో: కలే నుంచి ఈపర్ దాకా

నాన్న 108లో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. అంటే డ్రైవరే, 108లో అలాగే పిలుస్తారు. పార్వతీపురం ఏజెన్సీలో, ఎక్కువగా గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు కొండదారుల్లో బండి తోలారు. నేను ఇంగ్లండ్‌లో కెంట్ వైపు నర్సుగా చేస్తున్నాను. ఈ వేసవిలో ఆయన్ని తీసుకొచ్చి లండన్ అంతా తిప్పితే, ప్యాలెస్‌ల దగ్గర పెద్దగా మాట్లాడలేదు కానీ మా ఆసుపత్రి బయట నిలబెట్టిన అంబులెన్సుల చుట్టూ మాత్రం అరగంట తిరిగారు. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర, ఎప్పుడో చదివిన మాస్టర్స్ అనే డ్రైవర్ సంగతి చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్స్ తోలి, బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న మనిషి. నాన్న అంతా విని ఒక్కటే అడిగారు. "ఆ రోడ్డు చూడ్డానికి అవుద్దా?"

అవుద్ది. మా ఇంటి నుంచి బయల్దేరితే సముద్రం కింద రైల్లో కారెక్కించి మధ్యాహ్నం భోజనానికి ఫ్రాన్స్‌లో ఉండొచ్చు. వీసా తతంగం, టికెట్ల గోల ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 3, కలే

నా కారు స్టీరింగ్ కుడి వైపు, ఫ్రాన్స్‌లో బండ్లు నడిచేదీ కుడి వైపే. దాంతో ఓవర్‌టేక్ చేయాలంటే ఎడమ సీటులో కూర్చున్న నాన్న చూసి చెప్పాలి. "రా, రా, రా... ఆగు!" ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి క్లీనర్ పనికి దిగారు. నాకు టెన్షన్, ఆయనకి హుషారు.

కలే అనగానే అందరికీ ఓడలు గుర్తొస్తాయి. టౌన్‌హాల్ ముందు రోడాన్ చెక్కిన ఆరుగురు పెద్దమనుషుల కంచు విగ్రహాలున్నాయి, మెడలో ఉరితాళ్లతో. నేను వచ్చింది మాత్రం ఫ్యానీల కోసం. ఫస్ట్ ఎయిడ్ నర్సింగ్ యెమన్రీ అని 1907లో పెట్టిన ఆడవాళ్ల దళం అది. గుర్రాలెక్కి యుద్ధభూమికి వెళ్లి గాయపడ్డవాళ్లకి అక్కడికక్కడే ప్రథమ చికిత్స చేద్దామన్నది మొదటి ఆలోచన. 1914లో యుద్ధం రాగానే మేం వస్తామంటే బ్రిటిష్ సైన్యం వద్దంది. వీళ్లు ఊరుకోలేదు, బెల్జియం సైన్యం దగ్గరికి పోయి కలేలో ఆసుపత్రి నడిపారు. చివరికి 1916 జనవరి 1న బ్రిటిష్ సైన్యమే కలేలో తన అంబులెన్సుల తాళాలు వీళ్ల చేతికిచ్చింది. బ్రిటిష్ సైన్యానికి అధికారికంగా బండి తోలిన మొదటి ఆడవాళ్లు వీళ్లే. అప్పటిదాకా అక్కడ తోలిన మగవాళ్లని ఫ్రంట్‌కి పంపించుకున్నారు.

ఇదంతా నాన్నకి బీచ్ దగ్గర నడుస్తూ చెప్పాను. చలి గాలి, ఇసుక కళ్లలో పడుతోంది. వాళ్ల గుడారాలు ఈ సముద్రపు ఒడ్డు వైపే ఉండేవి. ఆసుపత్రి రైళ్లు వస్తే ఏ అర్ధరాత్రైనా స్టేషన్‌కి, అక్కడి నుంచి ఆసుపత్రికి, లేదా ఓడ దగ్గరికి. ఎవరి బండి వాళ్లదే. కడగడం, గ్రీజు పెట్టడం, టైరు మార్చడం, లోపలి రక్తం, వాంతులు తుడవడం, అన్నీ ఆ అమ్మాయే చేసుకోవాలి. చలికాలంలో రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగిలిపోకుండా రాత్రిపూట మధ్యమధ్యలో లేచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. నాన్న అక్కడే ఆగిపోయారు. "హ్యాండిల్ బండే? ఎనక్కి తన్నితే మణికట్టు ఇరిగిపోద్ది." నిజమే, అలా విరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ప్యాట్ బోషాంప్ అనే అమ్మాయి బండిని 1917లో కలే దగ్గరే లెవెల్ క్రాసింగ్‌లో రైలు గుద్దింది, ఆమెకి కాలు తీసేశారు.

రాత్రి వెల్ష్ తిన్నాం. బ్రెడ్ మీద బీరుతో కరిగించిన చెడ్డార్ చీజ్ పోసి, గుడ్డు పెట్టి, మట్టిపాత్రలో ఉడుకుతూ తెస్తారు. కింద పంది మాంసం పొర ఉంటుంది, అది వద్దని ముందే చెప్పాలి. ఇక్కడ ఏది అడగాలన్నా ముందు "బోన్‌జూర్" అనాలి. అది అనకుండా నేరుగా మెనూ అడిగిన పక్క టేబుల్ వాళ్లకి చాలాసేపటి వరకూ ఎవరూ రాలేదు. నాన్న మాత్రం వచ్చినావిడకీ పోయినావిడకీ బోన్‌జూర్ చెప్పేసి, ఎక్స్‌ట్రా బ్రెడ్ సంపాదించారు. ఇద్దరికీ కలిపి 38 యూరోలు. "నాలుగు వేలు! జున్ను ముక్కకి!" అని లేచేదాకా అంటూనే ఉన్నారు, పాత్ర మాత్రం గీకి తిన్నారు.

సెప్టెంబర్ 4, ఎటాప్ల్

కలే నుంచి దక్షిణానికి గంట లోపే. చేపల పల్లె, చిన్న నది సముద్రంలో కలిసే చోటు. యుద్ధకాలంలో ఈ ఇసుక దిబ్బల మీద ఆసుపత్రులు ఊరంత పెరిగాయి. ఇరవై దాకా ఆసుపత్రులు, ఒకేసారి ఇరవై రెండు వేల మంది రోగులకి చోటు. అవన్నీ ఇప్పుడు లేవు. మిగిలింది శ్మశానం.

ఇది చూడకముందు ఫొటోలు చూశాను, అవి చాలవు. రోడ్డు మీద నుంచి చూస్తే రెండు రాతి తోరణాలు, వాటి కింద దిబ్బ దిగువకి వరుసలే వరుసలు. యుద్ధకాలపు సమాధులు 10,700కు పైగా, ఫ్రాన్స్‌లో ఉన్న కామన్వెల్త్ యుద్ధ శ్మశానాల్లో ఇదే పెద్దది. కట్టింది లట్యెన్స్, ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ కట్టినాయనే. ఆ సంగతి చెబితే నాన్న "అదే మేస్త్రీనా!" అన్నారు. కింద రైలు పట్టాలు. ఆ లైను మీదే రాత్రిళ్లు ఆసుపత్రి రైళ్లు వచ్చేవి. 1916 నుంచి ఇక్కడ కూడా రెడ్‌క్రాస్ వాలంటీర్ ఆడపిల్లలే బండ్లు తోలారు. రైలు దగ్గర వరసగా బండ్లు నిలబెట్టి, ఒక్కో దాంట్లో నాలుగు స్ట్రెచర్లు, రెండు కింద, రెండు పైన.

కూర్చునే పేషెంట్లయితే ఎనిమిది మంది. వాళ్లు పరవాలేదు, కష్టం స్ట్రెచర్ కేసులతోనే. తొడ ఎముక విరిగినవాడిని, పొట్టలో తూటా ఉన్నవాడిని గతుకుల రోడ్డు మీద మైలున్నర తీసుకెళ్లడం గురించి ఆ డ్రైవర్లు తర్వాత రాసుకున్న వాటిలో అందరూ ఒకే మాట రాశారు. బాంబుల చప్పుడు కాదు, వెనక నుంచి వచ్చే కేకలు భరించలేకపోయామని. చక్రం ఒక రాయి ఎక్కి దిగితే నాలుగు గొంతులు ఒకేసారి. డ్రైవర్ ముందు సీట్లో, చాలా బండ్లకి తలుపులు కూడా లేని క్యాబిన్‌లో, వాన మొహాన కొడుతుంటే, చీకట్లో రాళ్లు వెతుక్కుంటూ మొదటి గేరులో.

నేను ఇది చెప్పడం అయ్యాక నాన్న గట్టు మీద కూర్చున్నారు. ఆయన పెద్దగా తన డ్యూటీ కబుర్లు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పారు. "అందరూ 108 అంటే సైరనేసుకొని పరిగెట్టించడమే అనుకుంటారమ్మా. ఖాళీ బండి ఎవడైనా పరిగెట్టిస్తాడు. లోపల నొప్పులు పడతన్న ఆడమనిషి ఉన్నప్పుడు మా ఘాట్లో దిగడం ఉంది సూడు, బ్రేకు మీద కాలు పెట్టి పాలగిన్నె పట్టుకున్నట్టు ఉండాలి. ఎనక పేషెంటుని చూసే ఈఎంటీ 'అన్నా మెల్లగా' అంటే మెల్లగా, 'అన్నా తొందరగా' అంటే తొందరగా. రెండూ ఒకేసారి అంటాడు ఒక్కోసారి."

నర్సుగా నేను ఎన్నో ఏళ్లుగా అంబులెన్సులు దించుకున్నాను. బండి తలుపు తెరిచాక కనిపించేదే నా లెక్క. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల మొహం సరిగా చూసిన గుర్తు తక్కువ.

మధ్యాహ్నం రేవు దగ్గర చేపల సూప్. ఇటుక రంగులో చిక్కగా, తురిమిన చీజ్, వెల్లుల్లి రాసుకునే ఎండు రొట్టెలు పక్కన. మిరియాలు అడిగితే ఇచ్చిన డబ్బా మొత్తం నాన్న దులిపేశారు, వడ్డించే కుర్రాడు నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. ఇది 9 యూరోలే. మొత్తం యాత్రలో ఆయన బేరం కుదిరిందని ఒప్పుకున్న ఏకైక భోజనం.

సెప్టెంబర్ 5, బెతూన్, నవ్ షాపెల్

ఉదయం బెతూన్ పెద్ద చౌకులో కాఫీ. మధ్యలో పాత గంటస్తంభం, చుట్టూ యుద్ధం తర్వాత కొత్తగా కట్టిన సన్నటి ముఖాల ఇళ్లు. రిచర్డ్ జార్జ్ మాస్టర్స్ కథ ఈ ఊరి దగ్గరే జరిగింది.

ఆయన లంకాషైర్ తీరంలోని సౌత్‌పోర్ట్ మనిషి. 1918 నాటికి నలభై దాటాయి. ఆర్మీ సర్వీస్ కోర్‌లో ప్రైవేట్, 141వ ఫీల్డ్ అంబులెన్స్‌కి వేసిన డ్రైవర్. ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి, నాకు కూడా చాలా రోజులు అర్థం కాలేదు. ఫీల్డ్ అంబులెన్స్ అంటే బండి కాదు, అదొక వైద్య దళం. డాక్టర్లు, కట్లు కట్టేవాళ్లు, స్ట్రెచర్ మోసేవాళ్లు రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ వాళ్లు. బండ్లూ, బండి తోలేవాళ్లూ మాత్రం వేరే శాఖ, సరుకులు మోసే ఆర్మీ సర్వీస్ కోర్. అంటే డ్రైవర్ పనిచేసేది ఒకరి దగ్గర, జీతం ఇంకొకరి లెక్కలో. నాన్న పగలబడి నవ్వారు. "ఔట్‌సోర్సింగ్ అన్నమాట!"

1918 ఏప్రిల్ 9న జర్మన్లు ఈ వైపు పెద్ద దాడి చేశారు. దారులన్నీ తెగిపోయాయి, గాయపడ్డవాళ్లు ముందు లైన్లో ఇరుక్కుపోయారు. రోడ్డు మీద బండి పోదని తేల్చేశారు. మాస్టర్స్ తనే వెళ్తానని బయల్దేరాడు. దారికి అడ్డంగా పడ్డ శిథిలాలన్నీ దిగి తీసుకుంటూ, మళ్లీ ఎక్కుతూ చేరుకున్నాడు. ఇక ఆ మధ్యాహ్నమంతా ట్రిప్పు మీద ట్రిప్పు. రోడ్డు మీద గుండ్లు పడుతున్నాయి, మెషిన్‌గన్ కాలుస్తున్నారు, ఒకసారి విమానం బాంబు కూడా వేసింది. ఆ ప్రాంతం నుంచి బయటపడ్డ క్షతగాత్రుల్లో ఎక్కువమందిని తెచ్చింది ఆయనే, ఎందుకంటే ఆ సమయంలో అటు వెళ్లి రాగలిగిన బండి ఆయనది ఒక్కటే. విక్టోరియా క్రాస్ పత్రంలో ఉన్నది ఇంతే. యుద్ధం తర్వాత ఇంటికి వెళ్లి 1963 దాకా బతికాడు.

మేం గోర్, ఫెస్టుబేర్ ఊళ్ల మీదుగా ఆ రోజు ఫ్రంట్ ఉన్న వైపు వెళ్లాం. బల్లపరుపు నేల. కాలువలు, బీట్‌రూట్ పొలాలు, ఎర్ర ఇటుకల ఇళ్లు, కిటికీల్లో లేసు పరదాలు. ఎక్కడా దాక్కోవడానికి చెట్టు లేదు, మెరక లేదు. ఇలాంటి చోట పగటిపూట పోయే బండి ఎన్ని మైళ్ల నుంచి కనిపిస్తుందో చూస్తేనే తెలుస్తుంది, పుస్తకంలో తెలీదు. నాన్న కారు ఆపమని దిగి రోడ్డు అంచు కాలితో నొక్కి చూశారు. "మెత్తగుంది. పక్కకి దింపితే దిగబడిపోద్ది. ఎదురు బండొస్తే ఏటి సేసేవోడు?"

తర్వాత ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని తీసుకెళ్లి ఒక రైతు పెరట్లో దింపింది. కుక్క మొరుగుతోంది, ట్రాక్టర్ మీద నుంచి పెద్దాయన దిగి వచ్చాడు. బోన్‌జూర్ అయ్యాక నాన్న మొహం చూసి, నేనేమీ అడగకుండానే "మెమోరియాల్ ఆందియాఁ?" అని చేత్తో దారి చూపించాడు. ఇండియా మొహాలు ఈ వైపు దేనికోసం వస్తాయో వాళ్లకి తెలుసు.

నవ్ షాపెల్ కూడలిలో ఆ యుద్ధంలో పోయిన భారతీయ సైనికుల స్మారకం. గుండ్రటి తెల్ల రాతి గోడ, జాలీ పని, మధ్యలో పదిహేను మీటర్ల స్తంభం, పైన కమలం, కింద రెండు పులులు. సమాధి దొరకని భారతీయుల పేర్లు 4,742. హెర్బర్ట్ బేకర్ కట్టాడు, 1927లో ప్రారంభించారు. 1914 శరత్కాలంలో మార్సే రేవులో దిగి, ఎండాకాలం బట్టలతో ఈ చలి బురదలోకి వచ్చినవాళ్లు. గఢ్వాలీలు, గూర్ఖాలు, పంజాబీలు ఎక్కువ. డెక్కన్ హార్స్ పేరు దగ్గర నాన్న వేలు పెట్టి ఆగారు, హైదరాబాద్ నిజాం డబ్బు పెట్టిన గుర్రపు దళం అది. సరిగ్గా అదే 1914లో గాంధీ లండన్‌లో దిగి, అక్కడి భారతీయ విద్యార్థుల్ని పోగేసి అంబులెన్స్ దళం కట్టారు. అప్పుడు అక్కడే ఉన్న మన సరోజినీ నాయుడు సైనికులకి బట్టలు కుట్టించే పనిలో చేయి వేశారు. గాంధీకి అది కొత్త కాదు. 1899లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో బోయర్ యుద్ధానికి ఆయన కట్టిన దళంలో పదకొండు వందల మంది ఉంటే ఎక్కువమంది చెరకు తోటల కూలీలే. మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్లు బోలెడంత మంది ఆ తోటల్లో ఉండేవారు. వాళ్లకి బండ్లు లేవు, భుజాలే.

రోడ్డుకి అటు పక్క పోర్చుగీసు శ్మశానం. మాస్టర్స్ బండి తోలిన ఏప్రిల్ 9న ఇక్కడ లైను పట్టుకున్నది వాళ్లే, ఆ ఒక్క పూటలో చితికిపోయారు.

రాత్రి మరువాల్ చీజ్ టార్ట్. వాసన గురించి ఎవరూ ముందు చెప్పలేదు. మళ్లీ తినను.

సెప్టెంబర్ 6, పోపరింగె

బెల్జియం సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు, బోర్డుల భాష మారింది, రోడ్డు నున్నబడింది. ఊరి బయటే హాప్స్ తోటలు, బీరులో వేసే చేదు పువ్వు, ఇరవై అడుగుల తీగలు. కోతల కాలం కావడంతో ఊరంతా ఒక పచ్చి ఘాటు.

ముందు లైసెంథుక్ శ్మశానం. ఒక హాప్స్ రైతు పొలం పక్కన, రైలు పట్టాల దగ్గర, ఫిరంగుల దెబ్బకి అందనంత దూరంలో నాలుగు క్యాజువాల్టీ క్లియరింగ్ స్టేషన్లు, అంటే ఆపరేషన్లు చేసే ఫ్రంట్ వెనక ఆసుపత్రులు, పెట్టారు. లైను నుంచి స్ట్రెచర్ మోసేవాళ్లు కట్లు కట్టే డ్రెస్సింగ్ స్టేషన్‌కి, అక్కడి నుంచి అంబులెన్సుల్లో ఇక్కడికి, ఇక్కడ ఆపరేషన్ అయ్యాక రైల్లో ఎటాప్ల్ లాంటి చోటికి. డ్రెస్సింగ్ స్టేషన్లకీ ఇక్కడికీ మధ్య తిరిగే పనికి యాభై బండ్ల కాన్వాయ్‌లు ఉండేవి. ఇదంతా 1914 ఆగస్టులో లేదు. సైన్యం ఫ్రాన్స్‌లో దిగినప్పుడు దాదాపు అన్నీ గుర్రపు బళ్లే. గాయపడ్డవాళ్లు గడ్డి మీద రోజుల తరబడి పడి ఉన్నారని తెలిశాక టైమ్స్ పత్రికలో విజ్ఞప్తి వేస్తే జనం డబ్బిచ్చారు, సొంత కార్లిచ్చారు. కార్ల బాడీ కోసేసి వెనక పెట్టె కట్టించి పంపారు.

ఇక్కడ సమాధులు 10,700 పైనే. చాలామంది ఆపరేషన్ బల్ల దాకా వచ్చి పోయినవాళ్లు, కాబట్టి పేర్లు తెలుసు. నెల్లీ స్పిండ్లర్ అనే నర్సు సమాధి దగ్గర ఎవరో కొత్తగా పూలు పెట్టారు, 1917 ఆగస్టులో పక్క ఊళ్లో ఆసుపత్రి మీద గుండు పడి చనిపోయింది. నేనూ కాసేపు నిలబడ్డాను.

డ్రైవర్లని ఎలా వెతకాలో నాన్నకి నేర్పాను. రాయి మీద నక్షత్రం లాంటి ముద్ర, ఆర్మీ సర్వీస్ కోర్ అని పేరు. సైనికుడి నంబరు ముందు టీ అక్షరం ఉంటే గుర్రాల రవాణా, ఎం ఉంటే మోటారు. తమాషా ఏమిటంటే రాయి మీద 'డ్రైవర్' అని ఉంటే అతను గుర్రబ్బండివాడు. మోటారు తోలినవాడికి హోదా ఉత్త 'ప్రైవేట్'. ఇక నాన్న వరసలు పట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, "ఎం దొరికిందమ్మా!" అని దూరం నుంచి కేక. తోటపని చేసే బెల్జియం ఆయన తలెత్తి చూశాడు. దొరికినవాళ్లలో ఎవరు లారీ, ఎవరు అంబులెన్సు అన్నది రాయి చెప్పదు.

ఊళ్లో టాల్బట్ హౌస్‌లోనే రాత్రి బస. 1915 డిసెంబర్‌లో టబ్బీ క్లేటన్ అనే పాదిరి సైనికుల కోసం తెరిచిన ఇల్లు. లోపలికొచ్చేవాళ్లు హోదా బయట వదలాలని బోర్డు, జనరల్ అయినా ప్రైవేట్ అయినా ఒకే బెంచి. ఇంకో బోర్డు ఏమంటుందంటే, ఇంట్లో కార్పెట్ మీద ఉమ్మే అలవాటుంటే ఇక్కడ కూడా ఉమ్మండి అని. నాన్నకి అనువాదం చేసి చెబితే, "ఇది మన బస్టాండులో పెట్టాలి" అన్నారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన వాలంటీరు పెద్దావిడ వంటింట్లో టీ పోసి ఇచ్చింది. నాన్న అంబులెన్స్ డ్రైవర్ అని తెలిసి కప్పు మళ్లీ నింపింది, బిస్కెట్ల డబ్బా మొత్తం ఆయన ముందు పెట్టింది. స్నానాల గది ఉమ్మడి, మెట్లు నిటారు, మంచం కిర్రు. అయినా నాకు ఆ ఇల్లు తెగ నచ్చింది. చౌకులో బేకరీ నుంచి మజరీన్ టార్ట్ తెచ్చుకున్నాం, దాల్చినచెక్క పాకంలో నానిన కేకు, చేతులకి జిగట.

సాయంత్రం ఈపర్ వెళ్లాం. దారిలో బ్రాండ్‌హుక్‌లో నోయెల్ చవాస్ సమాధి, రెండుసార్లు విక్టోరియా క్రాస్ పొందిన డాక్టరు. గాయాలతో ఇక్కడి ఆసుపత్రికి తెచ్చాక 1917 ఆగస్టు 4న పోయాడు. రాయి మీద రెండు క్రాస్‌లు చెక్కి ఉన్నాయి. నాన్న అడిగారు, "తెచ్చినోడు ఎవుడు?"

మెనిన్ గేట్ అనే యుద్ధ స్మారక ద్వారం దగ్గర ఎనిమిదింటికి బ్యూగిల్. 1928లో మొదలుపెట్టి, 1929 నుంచి రోజూ వాయిస్తున్నారు, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరు పట్టుకున్న కాలం తప్ప. గోడల మీద సమాధి దొరకని సైనికుల పేర్లు 54,000కు పైగా. జనం బాగా ఎక్కువ, ముందు వరుస కావాలంటే గంట ముందు రావాలి, నాకు ఎదుటివాళ్ల ఫోన్లే కనిపించాయి. చప్పట్లు కొట్టకూడదు. ఎవరో కొట్టారు, చుట్టూ ఉన్నవాళ్లు ఉరిమి చూశారు.

సెప్టెంబర్ 7, ఈపర్

ఉదయం కాలువ గట్టు మీద ఎసెక్స్ ఫార్మ్. కెనడా డాక్టరు జాన్ మెక్రే 1915లో పనిచేసిన డ్రెస్సింగ్ స్టేషన్ చోటు. కాంక్రీటు గదులు ఆ తర్వాత కట్టినవి. తల వంచి దూరాలి, లోపల తేమ, స్ట్రెచర్ తిప్పడానికి చోటుందా లేదా అని నాన్న రెండు చేతులూ చాపి కొలిచారు. పక్క శ్మశానంలో పదిహేనేళ్ల సైనికుడు స్ట్రడ్‌విక్ సమాధి చుట్టూ స్కూలు పిల్లలు. రాత్రి చీకటి పడ్డాకే అంబులెన్సులు ఇక్కడికి వచ్చేవి, దీపాలు వెలిగించకుండా.

అక్కడి నుంచి హెల్‌ఫైర్ కార్నర్. ఇప్పుడదొక మామూలు రౌండబౌట్, లారీలు తిరుగుతున్నాయి. అప్పట్లో జర్మన్ ఫిరంగులు గురిపెట్టి ఉంచిన కూడలి, కనబడకుండా రోడ్డు పక్క గోనెపట్టాలు కట్టేవారు. ఇక్కడ మాత్రం ఎవరూ మెల్లగా పోలేదు. నేను రెండుసార్లు చుట్టూ తిప్పాను, వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

1917 శరత్కాలంలో ఈ మెనిన్ రోడ్డు దాటాక బండ్లకి దారే లేదు. నేలంతా బురద గుంతలు, చెక్క పలకల దారి. ఒక్క స్ట్రెచర్‌కి ఆరుగురు, ఎనిమిది మంది కావలసి వచ్చేది, గంటల తరబడి మోత. రోడ్డు ఆగిన చోట అంబులెన్సు కాచుకుని ఉండేది. ఇది చెబుతుంటే నాన్న మధ్యలోనే అందుకున్నారు. "మా దగ్గర డోలీ అంతే కదా. కొండ మీద నుంచి కర్రకి దుప్పటి కట్టి మోసుకొస్తారు. మనం కింద బండి పెట్టుకొని పైకి చూస్తా ఉండాల. ఎదురెళ్లి మోద్దామంటే బండి వదిలి ఎల్లకూడదు. ఆ గంట ఉంది సూడమ్మా..." అని ఆపేశారు. నేను పొడిగించి అడగలేదు.

ఊళ్లో ఒక హోటల్ తోటలో ఎల్సీ నాకర్, మైరీ చిజం విగ్రహం, కుక్కతో సహా. వీళ్లు సైన్యం మనుషులు కారు, సొంతంగా వచ్చినవాళ్లు. మోటార్ సైకిళ్ల పిచ్చి ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లు. 1914లో మైరీకి పద్దెనిమిది. ఒక అంబులెన్స్ దళంతో వచ్చి, డ్రెస్సింగ్ స్టేషన్ ఫ్రంట్‌కి మరీ దూరంగా ఉండటం వల్లే దారిలో మనుషులు చచ్చిపోతున్నారని, పెర్వీస్ అనే ఊళ్లో లైను పక్కనే ఒక ఇంటి నేలమాళిగలో మకాం పెట్టారు. 1918లో విషవాయువు తగిలేదాకా అక్కడే. దారి పొడుగును తగ్గించాలనుకోవడం, అది డ్రైవర్ బుర్రకే తడుతుందని నాకనిపించింది.

ఆకలేసి చౌకులో ఫ్రైస్ బండి దగ్గర నిలబడ్డాం. ఇక్కడ బంగాళాదుంపలు ఎద్దు కొవ్వులో వేయించడం పాత పద్ధతి, మనవాళ్లు అడిగి తినాలి. మొదటి చోట అవునన్నారు. రెండో చోట నూనె అన్నారు, పెద్ద పొట్లం 4.50, మయోనైజ్‌కి వేరే డబ్బులు.

చౌకు అవతల సైకిల్ పందెం. తాళ్లు కట్టారు, ఒక మూల పసుపు రంగు రెడ్‌క్రాస్ అంబులెన్సు నిలబెట్టారు. నాన్న పొట్లం నా చేతిలో పెట్టి నేరుగా అటు నడిచారు. బండి ఆనుకొని నిలబడ్డాయనకి అరవై ఉంటాయి, వాలంటీరు, వారంలో మిగతా రోజులు టైల్స్ పని. ఇంగ్లీషు ఇద్దరిదీ అంతంత మాత్రం. నేను మధ్యలో దూరబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. స్ట్రెచర్ బయటకి లాగి చూపించాడాయన, కాళ్లు వాటంతటవే విచ్చుకుంటే నాన్న కిందికి వంగి లాక్ పరీక్షించారు. సస్పెన్షన్ గురించి చేతులతో మాట్లాడుకున్నారు. ఆయన చౌకులోని రాళ్ల పరుపు చూపించి, రెండు వేళ్లు పైకెత్తి, కాదని ఒకటి మడిచాడు. మొదటి గేరు. నాన్న "యెస్, యెస్, పేషెంట్ ఇన్‌సైడ్, ఫస్ట్ గేర్ ఓన్లీ" అని ఆయన భుజం చరిచారు.

ఈలోపు రేడియో పలికింది, మలుపు దగ్గర ఎవరో కుర్రాడు సైకిల్ మీద నుంచి పడ్డాడట. ఆయన తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. నాన్న తిరిగొచ్చి చల్లారిన ఫ్రైస్ తింటూ, "రివర్స్ బాగా తీసాడు," అన్నారు.